హెవీ ప్లేట్లు మొదలుపెట్టే ముందు

చిన్నమ్మలూ,

హబ్సిగూడ ల్యాబ్‌లో సైలాక్ మొదలుపెడుతున్నానని నిన్న ఫోన్‌లో చెప్పావు. అదే, ఒక గుంపు కణాల్ని మామూలు (లైట్) లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలతో, ఇంకో గుంపుని వాటి బరువైన (హెవీ) రూపాలతో పెంచి, రెండింటి ప్రోటీన్లనీ పోల్చే పద్ధతి. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ మెషీన్ స్లాట్ దొరుకుతుందో లేదోనని నీ టెన్షన్. నా బెంగంతా కణాలు పెంచే ఈ రెండు మూడు వారాల మీదే. అక్కడ పొరపాటు జరిగితే ఎంత మంచి మెషీనూ సరిదిద్దలేదు.

ముందు సీరం చూసుకో. మామూలు సీరంలో మామూలు లైసిన్, ఆర్జినిన్ ఉంటాయి. హెవీ మీడియంలో (కణాలు పెరిగే ద్రవంలో) దాన్ని పోస్తే కణాలు వాటినీ వాడేసుకుంటాయి. ఫ్రిజ్‌లో పక్కపక్కనే ఉన్న రెండు సీసాల్లో డయలైజ్ చేయనిది, అంటే అలాంటి చిన్న అణువుల్ని తీసేయనిది, తీసి పోశాను ఒకసారి. మూడు వారాల కష్టం పోయింది. అప్పట్నుంచి డయలైజ్డ్ సీసా మూతకి ఎర్ర టేపు చుడతాను. నువ్వూ చుట్టు.

కణాలు కనీసం ఐదుసార్లు రెట్టింపు కావాలి. లెక్కపెట్టాల్సింది పాసేజ్‌లు (కొత్త ప్లేట్‌లోకి మార్చడాలు) కాదు, రెట్టింపులు. ఒక్కో రెట్టింపుకి పాత ప్రోటీన్ వాటా సగమవుతూ వస్తే, ఐదు అయ్యేసరికి 3 శాతం చిల్లర మిగులుతుంది. అప్పుడు హెవీ కణాల్ని మాత్రమే విడిగా రన్ చేయించు. 95 శాతం లేబుల్ ఎక్కకపోతే నేనైతే ముందుకెళ్లను.

అదే రన్‌లో ప్రోలిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ఉన్న పెప్టైడ్లు (ప్రోటీన్ ముక్కలు) కూడా చూడు. కొన్ని కణాలు హెవీ ఆర్జినిన్‌ని ప్రోలిన్‌గా మార్చేస్తాయి. అప్పుడు హెవీ పీక్‌కి 6 డాల్టన్ల అవతల ఇంకో చిన్న పీక్ లేస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే హెవీ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఆర్జినిన్ కాస్త తగ్గించు, లేదా మీడియంలో మామూలు ప్రోలిన్ కలుపు.

ప్రోటీన్ జాగ్రత్తగా కొలిచి, హెవీ, లైట్ రెండూ సమానంగా కలుపు. కలిశాక ప్రోటీన్లని ముక్కలు చేసే ట్రిప్సిన్ దగ్గరో, కాలమ్‌లోనో ఎంత పోయినా రెండింట్లోనూ ఒకేలా పోతుంది. ఈ పద్ధతి మీద నాకున్న నమ్మకమంతా అదే.

రెండోసారి లేబుళ్లు తారుమారు చెయ్యి, మొదట హెవీ ఇచ్చిన మందు వేసిన కణాలకి ఈసారి లైట్. మొదట హెవీ, లైట్ నిష్పత్తి 3 వచ్చిన ప్రోటీన్‌కి ఇప్పుడు మూడో వంతు రావాలి. కెరాటిన్ మాత్రం రెండుసార్లూ లైట్‌లోనే కనిపిస్తుంది. అది మన చర్మం నుంచో, జుట్టు నుంచో పడిందే, కణాలది కాదు. అందుకే జడ క్యాప్ లోపల పెట్టుకోమనేది.

హెవీ రన్ రాగానే ల్యాప్‌టాప్ పట్టుకుని తార్నాక వచ్చెయ్. ప్రోలిన్ పీకులు కలిసి చూద్దాం.

నీ పెద్దమ్మ