పలు గొంతులు కలిసి పాడే పాత లాటిన్ చర్చి పాటలైన మోటెట్లలో తాళం ఎక్కడుంది? నలుగురు నాలుగు రకాలుగా పాడుతుంటే వినేదెలా?

నాలుగు గొంతుల కోసం పదహారో శతాబ్దపు ఇటలీ స్వరకర్త పాలెస్ట్రీనా కూర్చిన ‘సికుత్ చెర్వుస్’ (‘దుప్పి వలె’) అనే మోటెట్ విని, తాళం చిక్కక విసుగొచ్చిందని మీరు రాశారు. ఆ పాటను టెనర్ల (పై స్థాయి మగ గొంతుల) వరుసలో నిలబడి పాడినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: అందులో తాళం వెతకడమే మొదటి పొరపాటు, ఆ పొరపాటు నేనూ చేశాను.

ఉద్యోగరీత్యా విదేశంలో ఉన్నప్పుడు ఒక చిన్న గాయక బృందంలో చేరాను. చిన్ననాటి కర్ణాటక సంగీతం అలవాటు కొద్దీ, మొదటి సాధనలోనే తొడమీద ఆదితాళం వేసుకుంటూ కూర్చున్నాను. ఈ మోటెట్‌ను టెనర్లే ఒంటరిగా ఎత్తుకోవాలి. మేము మొదలుపెట్టిన వరుసనే ఆల్టోలు (కింది స్థాయి ఆడ గొంతులు), వారి వెనుక సొప్రానోలు (పై స్థాయి ఆడ గొంతులు), చివరగా బాస్‌లు (కింది స్థాయి మగ గొంతులు) అందుకుంటారు. నా చెయ్యి ఎనిమిది అక్షరాలు ముగించేసరికి ఒక్కొక్కరూ ఒక్కొక్క చోట ఉన్నారు, నేను ఎక్కడా లేను. మాకు నేర్పే పెద్దావిడ నా చేతిమీద పెన్సిల్ ఆనించి ఆపారు. స్వరలిపి కాగితం మీద లెక్కలను విడదీసే నిలువుగీతలు తర్వాతి కాలంవాళ్లు గీసినవనీ, పదహారో శతాబ్దపు గాయకుడి చేతిలో తన గొంతు పాడవలసిన వరుస మాత్రమే ఉండేదనీ చెప్పి, ఆ నిలువుగీతలు లేని టెనర్ వరుసను చేతితో రాసి ఇచ్చారు.

అది పట్టుకుని పాడిన రోజున అసలు సంగతి తెలిసింది. నేను ఒక స్వరాన్ని పట్టుకుని కదలకుండా నిలుచున్నాను. కింద బాస్ ఒక అడుగు జరిగింది. అంతవరకు ఒప్పుగా ఉన్న నా స్వరం ఉన్నచోటనే తప్పైపోయి బాస్ స్వరంతో ఒరుసుకోసాగింది. ఒక మెట్టు దిగాక మళ్లీ ఇమిడింది. ఈ శైలి ప్రాణమంతా ఆ రాపిడిలోనే ఉందని నా నమ్మకం. 1725లో ఆస్ట్రియా స్వరకర్త ఫుక్స్ పాలెస్ట్రీనాను గురువుగా నిలిపి స్వరమేళన సూత్రాల గ్రంథం రాసినప్పటి నుంచి ఆయనను నియమాల పుట్టగా చదువుతున్నారు గానీ, నియమం కంఠంలో ఎలా ఒరుసుకుంటుందో పుస్తకం చెప్పదు.

ఇక ఈ పాటలోని మాటలు మీకు కొత్తవేమీ కావు. ‘దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు’ అని తెలుగు బైబిలు 42వ కీర్తనలో ఉన్నదే. ఈస్టరుకు ముందు శనివారం బాప్తిస్మపు నీటి తొట్టి వద్దకు సాగే ఊరేగింపులో పాడే వచనం కాబట్టి, ‘ఆక్వారుమ్’ అంటే ‘నీళ్ల’ అన్న మాట మీద స్వరాలు పారుతూ పోతాయి. మన వైపు కొన్నిచోట్ల ఇదే వచనాన్ని కీబోర్డులో రిథమ్ నొక్కి, స్పీకర్లు అదిరేలా పాడతారు. దప్పికతో నోరెండినవాడు అలా అరవగలడా?

మీరు మళ్లీ వినదలిస్తే నలుగురినీ ఒకేసారి పట్టుకోవాలని చూడకుండా, టెనర్ ఒక్కడినే మొదటి నుంచి చివరిదాకా వెంబడించండి, రెండోసారి బాస్‌ను వినండి. ఫోను స్పీకరులో మాత్రం వినకండి. అందులో బాస్ సగం వినబడకుండా పోతుంది, బాస్ కదలిక వినబడకపోతే నేను చెప్పిన ఆ రాపిడి మీకు చేరదు.