మీ ప్రశ్నలు, మా జవాబులు: ఆత్మ, మరణం, నిత్యజీవం

క్రైస్తవ విశ్వాసంలో ఆత్మ, మరణం, నిత్యజీవం గురించి విశాఖ పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు. సంఘాల మధ్య తేడా ఉన్నచోట ఎవరేమంటారో విడివిడిగా చెప్పాం.

ప్రశ్న: మా ఆయన వేటకెళ్లి తిరిగి రాలేదు. బోటు చెక్కలు దొరికాయి గానీ మనిషి దొరకలేదు. సమాధి చెయ్యకపోతే ఆత్మకు శాంతి ఉండదని, ఒడ్డునే తిరుగుతుందని చుట్టాలంటున్నారు. శవం లేకుండా ప్రార్థన పెట్టించుకోవచ్చా? కొత్త భూమ్మీద సముద్రమే ఉండదని ప్రకటన గ్రంథంలో ఉంది కదా, మరి సముద్రంలో పోయినవాళ్ల సంగతేమిటి?
– ఒక పాఠకురాలు, జాలారిపేట

అమ్మా, నిరభ్యంతరంగా పెట్టించుకోండి. సమాధి లేనివాళ్ల ఆత్మ తిరుగుతూ ఉంటుందని బైబిల్లో ఎక్కడా లేదు. మన్ను మట్టిలో కలుస్తుంది, ఆత్మ దాన్ని ఇచ్చిన దేవుని దగ్గరికి పోతుంది అంటుంది ప్రసంగి 12:7. దానికి సమాధి షరతు కాదు.

మీరు చదివిన వాక్యం ప్రకటన 21:1. అక్కణ్ణుంచి కాస్త వెనక్కి వెళ్లి 20:13 చూడండి. సముద్రం తనలో ఉన్న మృతుల్ని అప్పగించిందని ఉంది. అప్పగించే వరసలో మొదటి పేరు సముద్రానిదే. మరణం, పాతాళం ఆ తర్వాత వస్తాయి. ఖననం దక్కని ఆత్మకు విశ్రాంతి ఉండదని ఆనాటి గ్రీకులు, రోమన్లు గట్టిగా నమ్మేవాళ్లు. మీ చుట్టాల భయం కొత్తదేమీ కాదు. సరిగ్గా అలాంటి భయం ఉన్న జనం మధ్యే ఆ మాట రాశారు. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనల పుస్తకంలో ఓడ మీద చనిపోయినవాళ్లను సముద్రంలో విడిచేటప్పుడు చదివే ప్రార్థన వేరే ఉంది. అందులోనూ ఇదే ఆశ: సముద్రం తన మృతుల్ని అప్పగించే రోజు కోసం ఎదురుచూడటం.

ఇక సముద్రం ఉండదన్న మాట. దానియేలు 7లో నాలుగు మృగాలూ సముద్రంలోంచే లేస్తాయి, ప్రకటన 13లో మృగమూ అక్కణ్ణుంచే వస్తుంది. ఈ గ్రంథాల్లో కీడు పుట్టే చోటుకు సముద్రం గుర్తు. కాబట్టి ఆ కీడు ఇక ఉండదనే ఎక్కువమంది వ్యాఖ్యాతలు అర్థం చెబుతారు. నీళ్లే ఉండవని అక్షరాలా తీసుకునేవాళ్లూ కొందరున్నారు. చేపల మీద దేవుడికి కోపమేమీ లేదు లెండి: తిరిగి లేచిన యేసు ఒడ్డున నిప్పుల మీద చేపలు సిద్ధం చేసి శిష్యులకు పెట్టాడని యోహాను 21లో ఉంది. ఆ పొద్దున వలలో పడ్డవి 153.

కూడికకు ఫొటో ఒకటి చాలు. ఖాళీ పెట్టె చేయించి పూడ్చక్కర్లేదు. అది ఎవరికీ ఊరటనివ్వదు, పైగా ఖర్చు. చదవడానికి కీర్తన 107:23–30 (ఓడలెక్కి సముద్రం మీదికి వెళ్లేవాళ్ల గురించి), కీర్తన 139:7–10, 1 థెస్సలొనీక 4:13–18 సరిపోతాయి. కతోలికులైతే శవపేటిక లేకుండానే పూజ చేయించమని మీ విచారణ గురువును (మీ చర్చి ఫాదర్‌ను) అడగండి.

ప్రార్థనకు మరణ ధ్రువపత్రం అక్కర్లేదు. ఆ వ్యవహారం వేరు. ఏడేళ్లు జాడ తెలియనివాళ్లను చనిపోయినట్టు భావించవచ్చని చట్టం చెబుతుంది గానీ, ఏడేళ్లు నిండగానే కాగితం దానంతట అది రాదు. కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. అందుకని పోలీసు ఫిర్యాదు నకలు, ఆ రోజు దగ్గర్లో వేటాడినవాళ్ల వాంగ్మూలాలు ఇప్పుడే జాగ్రత్త చేయండి. కతోలికుల్లో మళ్లీ పెళ్లి మాట వస్తే ఇంకో మెట్టుంది: ఎన్నేళ్లయినా మనిషి కనిపించకపోవడం ఒక్కటే చాలదు, సాక్ష్యాలు చూసి, చనిపోయినట్టేనని బిషప్ ప్రకటన ఇవ్వాలి.

ప్రశ్న: మీరు చెప్పే ఆత్మా, గీతలో చెప్పిన ఆత్మా ఒకటేనా?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

కాదు. గీత రెండో అధ్యాయంలో ఆత్మకు పుట్టుక లేదు, చావు లేదు. పాత బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు దేహాలు మారుస్తుంది. క్రైస్తవంలో ఆత్మకు మొదలుంది, దాన్ని దేవుడే సృష్టించాడు. అది దేవుడిలో భాగం కాదు, చివరికి ఆయనలో లీనమూ కాదు. మనిషి ఒక్కసారే చనిపోతాడు, ఆ తర్వాత తీర్పు అంటుంది హెబ్రీ 9:27. అమరత్వం సహజంగా ఉన్నది దేవుడొక్కడికే (1 తిమోతి 6:16), మనిషికి నిత్యజీవం ఇస్తేనే వస్తుంది.

ప్రశ్న: అమ్మ పోయింది. మా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యగారు పరదైసులో ఉందన్నారు. పక్కింటి అడ్వెంటిస్టు అంకుల్ ఇంకా నిద్రలోనే ఉందంటున్నారు. ఎవరిది నిజం?
– ఒక పాఠకురాలు, గాజువాక

ఇద్దరి చేతిలోనూ వాక్యం ఉంది. అడ్వెంటిస్టులు ప్రసంగి 9:5 (చచ్చినవారు ఏమీ ఎరుగరు), చనిపోయిన లాజరు నిద్రిస్తున్నాడని యేసు అన్న యోహాను 11:11 చూపిస్తారు. మీ అయ్యగారి వైపు ఫిలిప్పీ 1:23 ఉంది. అక్కడ పౌలు లోకాన్ని విడిచి క్రీస్తుతో ఉండటమే మేలంటాడు. నిద్రే అయితే ఆ మాటకు బలం తగ్గిపోతుంది. సిలువ మీద దొంగతో యేసు నేడే పరదైసులో ఉంటావన్నాడు (లూకా 23:43). ‘నేడు’ అన్నది ‘చెబుతున్నాను’తో కలుస్తుందని అడ్వెంటిస్టుల వాదన, మూలప్రతుల్లో కామాలు లేవు కాబట్టి. అయితే ‘నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను’ అన్న మాట సువార్తల్లో పదేపదే వస్తుంది, మరెక్కడా ‘నేడు’ దానికి అతకదు. అందుకే ఈ వాదం మాకు బలహీనంగా కనిపిస్తుంది.

సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు, చాలా పెంతెకొస్తు సంఘాలది మీ అయ్యగారి మాటే. కతోలికులు ఇంకో మెట్టు చెబుతారు: దేవుని కృపలో చనిపోయినా ఇంకా శుద్ధి కావలసినవాళ్లకు ఉత్తరించు స్థలం. నవంబరు 2న సమాధుల పండుగ నాడు వాళ్లు మృతుల కోసం ప్రార్థించేది అందుకే. దానికి ఆధారమైన 2 మక్కబీయులు 12 ప్రొటెస్టెంట్ల బైబిల్లో లేదు కాబట్టి ఆ వాదం అక్కడే ఆగిపోతుంది.

అయితే మీరడిగింది చావుకూ అంతిమ దినానికీ మధ్యకాలం గురించి మాత్రమే. ఆ దినాన శరీరంతో లేస్తామన్న దగ్గర ఈ సంఘాలన్నీ ఒకటే. విశ్వాస ప్రమాణంలో ‘శరీర పునరుత్థానము’ అని చెప్పుకునేది దాన్నే. భూస్థాపన ప్రసంగాల్లో తరచూ ఇదే జారిపోతుంది: ఆత్మ పరలోకం చేరింది, కథ అయిపోయింది అన్నట్టు ముగిస్తారు. పౌలు 1 కొరింథీ 15లో 58 వచనాలు ఖర్చుపెట్టింది లేవబోయే శరీరం కోసం. మీ అమ్మగారు పరదైసులో ఉన్నా నిద్రలో ఉన్నా, ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నట్టు. నిత్యజీవం మాత్రం చావు తర్వాత మొదలయ్యేది కాదు. నమ్మినవాడు మరణంలోంచి జీవంలోకి ఇప్పటికే దాటాడని యోహాను 5:24 అంటుంది.

ప్రశ్న: నవజాత శిశువుల ఐసీయూలో నర్సును, కతోలిక్‌ని. బిడ్డ పోయేలా ఉంటే కొందరు తల్లిదండ్రులు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వమంటారు. ఫాదర్ వచ్చేలోపు నేనే ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, మహారాణిపేట

ప్రాణాపాయంలో ఎవరైనా ఇవ్వొచ్చు, ఇచ్చేవాళ్లకు జ్ఞానస్నానం అయి ఉండాలని కూడా లేదు. సంఘం ఉద్దేశించేదే చేస్తున్నానన్న మనసుంటే చాలు. డాక్టరుకు చెప్పి, నులివెచ్చని స్టెరైల్ వాటర్ సిరంజిలో కొద్దిగా తీసుకోండి. నెలలు నిండని బిడ్డకు చన్నీళ్లు ప్రమాదం. నుదుటి మీద మూడుసార్లు వదులుతూ, బిడ్డ పేరు పెట్టి, ‘పితా, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను’ అనండి.

పొరపాట్లు ఎక్కడంటే: నీళ్లు చర్మం మీద పారాలి. తడి దూది అద్దితేనో, టోపీ మీద చల్లితేనో సందేహం మిగిలిపోతుంది. ఒకరు నీళ్లు పోసి ఇంకొకరు మాటలు చెబితే చెల్లదు. సెలైన్ జోలికి పోకుండా మామూలు నీళ్లే వాడండి. ‘నేను’ బదులు ‘మేము’ అంటే చెల్లదని 2020లో వాటికన్ తేల్చి చెప్పింది. తర్వాత తేదీ, పేరు, సాక్షి వివరాలు విచారణ గురువుకిస్తే రిజిస్టరులో ఎక్కిస్తారు. బిడ్డ బతికితే జ్ఞానస్నానం మళ్లీ ఇవ్వరు, మిగిలిన ఆచారాలు గుడిలో పూర్తి చేస్తారు.

తల్లిదండ్రులు అడగకుండా మాత్రం ఏ బిడ్డకూ ఇవ్వకండి. డ్యూటీలో ఉన్న నర్సు మీద వాళ్లు పెట్టుకున్న నమ్మకం అది.

ప్రాణం పోయాక జ్ఞానస్నానం లేదు. అంతమాత్రాన ఆ బిడ్డ గతి ఏమిటని తల్లి కుమిలిపోనక్కర్లేదు. జ్ఞానస్నానం లేని పిల్లలు పరలోకానికి వెలుపల ఉండిపోయే చోటని చెప్పే లింబో అన్నది ఎన్నడూ నిర్బంధ సిద్ధాంతం కాదు, ఇలాంటి పిల్లల రక్షణకు ఆశ ఉందని 2007లో వాటికన్ అంతర్జాతీయ దైవశాస్త్ర సంఘం రాసింది. ఇప్పిద్దామనుకున్న తల్లిదండ్రుల బిడ్డకు బిషప్ అనుమతితో సంఘ ఆచారం ప్రకారమే భూస్థాపన చేయొచ్చు.

ప్రశ్న: కళ్లు, దేహం దానమిస్తే పునరుత్థానం రోజు ఎలా లేస్తాం? దహనం చేసుకుంటే?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, గోపాలపట్నం

క్రీ.శ. 177లో లియోన్ నగరంలో క్రైస్తవ హతసాక్షుల దేహాలు కాల్చి, బూడిద రోన్ నదిలో ఊడ్చేశారు, ఇక ఎలా లేస్తారో చూద్దామని. చరిత్రకారుడు యూసేబియస్ దీన్ని రాసిపెట్టాడు. ఆ తర్వాత కూడా సంఘం పునరుత్థానాన్ని వదులుకోలేదు. సమాధిలో పెట్టిన దేహమైనా వందేళ్లకు మన్నే కదా!

కళ్ల విషయంలో ఆరు గంటలే గడువు. ప్రాణం పోగానే రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపేసి, తల కింద దిండు పెట్టి, వెంటనే ఐ బ్యాంకుకు ఫోన్ చేయాలి. హనుమంతవాక ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల ఆ ఏర్పాటు ఉంది. పని అరగంటలోపే అయిపోతుంది, ముఖం చెడదు. షుగరు, కళ్లజోడు, శుక్లాల ఆపరేషన్ అడ్డు కావు. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్ ఉంటే తీసుకోరు.

దేహదానానికి మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో ముందే పత్రం ఇవ్వాలి. పోస్టుమార్టం అయిన దేహాన్ని సాధారణంగా తీసుకోరు. ఎక్కువగా చెడేది ఇంకోచోట: మీరు సంతకం పెట్టినా, ఆ రోజు పిల్లల్లో ఒక్కరు అడ్డం తిరిగితే కాలేజీ వెనక్కి తగ్గుతుంది. అందరినీ కూర్చోబెట్టి ఇప్పుడే చెప్పండి. ఆరాధన జరిపాకే దేహాన్ని అప్పగించేలా మీ సంఘంతో మాట్లాడుకోండి.

దహనానికి కతోలిక సంఘం 1963 నుంచి అనుమతిస్తోంది. అయితే అస్థికలు సముద్రంలో కలపకూడదు, ఇంట్లో దాచకూడదు, పంచుకోకూడదు అని 2016లో స్పష్టం చేసింది. 2023లో మాత్రం కొద్దిభాగాన్ని అనుమతితో ఒక ప్రత్యేక స్థలంలో ఉంచుకోవచ్చంది. ప్రొటెస్టెంట్లకు ఇలాంటి ఉమ్మడి నియమం లేదు. మన దగ్గర వాళ్లలో ఎక్కువమంది భూస్థాపనే చేస్తారు.

ప్రశ్న: కూడిక పదకొండో రోజా, నలభయ్యో రోజా? కార్డులో ఏం వేయించాలి?
– ఒక పాఠకుడు, పెందుర్తి

ఫలానా రోజే అని బైబిల్లో లేదు. నలభయ్యో రోజు తూర్పు సంఘాల ఆచారం. కతోలికుల్లో పాత పద్ధతి మూడు, ఏడు, ముప్పయ్యో రోజు, ఆపైన సంవత్సరీకం. చుట్టాలకు సెలవు దొరికే రోజు చూసుకోండి, భోజనాలకు అప్పు చేయకండి. పోయినవారి పేరున విస్తరి వేయక్కర్లేదు. కార్డులో కతోలికులైతే ‘ఆత్మశాంతి పూజ’ అని వేయించండి. ప్రొటెస్టెంట్ సంఘాలు సాధారణంగా మృతుల కోసం ప్రార్థించవు కాబట్టి ‘జ్ఞాపకార్థ కూడిక’ లేదా ‘ఆదరణ కూడిక’ అంటే సరిపోతుంది.