ఇప్పటి కుర్రాళ్లు నిజంగానే పాతవాళ్ల కంటే చెడిపోయారా?

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఏ టీ బడ్డీ దగ్గర నిలబడినా వినపడే ప్రశ్నే ఇది. నన్నడిగితే కుర్రాళ్లేమీ చెడిపోలేదు. పాతవాళ్లు అంత గొప్పగా ఉండేవాళ్లన్న మాట మీదే నాకు అనుమానం.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా మీదకి వచ్చింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చచ్చిపోయారు. ఊళ్లో కరెంటు పోయింది. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే మేడమీద ట్యాంకులో నీళ్లు లేవు. మంచం పట్టినవాళ్లున్న ఇళ్లలో ఆ అవస్థ చెప్పక్కర్లేదు.

మా వీధి చివర ఒక కుర్రాడున్నాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి, పాత వ్యాను కొని, పెళ్లిళ్లకీ వినాయక నిమజ్జనాలకీ డీజే పెడతాడు. జుట్టుకి రంగు, చెవికి పోగు. ఆ చప్పుడు భరించలేక మా చిన్నాన్న వీధంతా తిరిగి సంతకాలు పెట్టించి పోలీసులకి కాగితం కూడా ఇచ్చాడు. తుపాను వెలిశాక వీడు సౌండ్ బాక్సులన్నీ దింపేసి, జనరేటర్ ఒక్కటే వ్యానులో పెట్టుకుని ఇంటింటికీ వచ్చాడు. వైరు లాగి మోటారుకి కలపడం, ట్యాంకు నిండగానే పక్కింటికి పోవడం. వీడి స్నేహితులు తడిసిన బనీన్లతో, పడిపోయిన వేపకొమ్మలు నరికి వ్యానుకి దారి చేశారు. ఎవరిదో అరుగు మీద ఫోన్లన్నీ వరసగా చార్జింగ్ పెట్టారు. నెట్‌వర్కే లేదు కదరా అంటే, "వచ్చేసరికి చార్జింగ్ ఉండాలి కదా మాస్టారూ" అన్నాడు.

డీజిల్ డబ్బులు మాత్రం తీసుకున్నాడు. అక్కడ మొదలైంది గోల. "ఏటి బాబూ, ఇలాటప్పుడు కూడా డబ్బులేనా? మా రోజుల్లో అయితేనా..." అన్నది మా చిన్నాన్నే, బకెట్ పట్టుకుని అందరికన్నా ముందు నిలబడి. "డీజిల్ ఊరికే పోయించు తాతా, నీళ్లు ఊరికే తోడతాను" అని వాడు స్విచ్ వేశాడు. ఆ వారమే బజారులో కొవ్వొత్తులు రెట్టింపు ధరకి అమ్మిన షావుకారికి అరవై దాటాయి. ఆ తరం చెడిపోయిందని ఎవరూ అనలేదు.

'మా రోజులు' నాకూ గుర్తున్నాయి. కట్నం తీసుకోకూడదని చట్టం 1961లోనే వచ్చింది. నేను బరంపురంలో చదువుకున్న ఎనభైల్లో, బజాజ్ చేతక్ ఇస్తేగానీ పీటల మీద కూర్చోనన్న పెళ్లికొడుకులు మా క్లాసులోనే ఉన్నారు. వాళ్లే ఇప్పుడు పొద్దున్నే వాట్సాప్‌లో విలువల గురించి పంపిస్తారు. ఆడపిల్లల హాస్టల్ ముందు సైకిళ్ల మీద చక్కర్లు కొట్టిందీ, పరీక్ష హాల్లోకి చీటీలు అందించిందీ మా బ్యాచే. అప్పుడు వీడియో తీసేవాడు లేడు, అంతే.

ఇప్పటివాళ్లలో తప్పులు లేవా? ఉన్నాయి. బండి మీద ముగ్గురేసి ఎక్కుతారు, హెల్మెట్ పెట్టరు, అర్ధరాత్రి దాటినా ఫోను వదలరు. ఇక గంజాయి అంటారా, మా జిల్లాలోనే మోహన, అడవ ఊళ్ల కొండల వైపు పట్టుబడిందని పేపర్లో చూస్తూనే ఉంటాం. దానికి పెట్టుబడి పెట్టేదీ, లారీ ఎక్కించేదీ మీసాలు రాని కుర్రాళ్లంటే నేను నమ్మను.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది భాష దగ్గర. పిల్లలు ఒడియా, ఇంగ్లీషు కలిపేసి తెలుగుని ఖూనీ చేస్తున్నారని మా పెద్దల ఏడుపు. గిడుగు రామమూర్తి గారు పనిచేసింది మా ఊళ్లోనే. జనం మాట్లాడే తెలుగులో చదువు చెప్పాలన్నందుకు, భాషని పాడుచేస్తున్నాడని అప్పటి పండితులు ఆయన మీద విరుచుకుపడ్డారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేశాక ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇప్పుడు ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసేవాళ్లే, సభ అవగానే ఈ కాలం పిల్లల తెలుగుని తిట్టుకుంటూ ఇళ్లకి పోతారు. మా చిన్నాన్న మనవడు తెలుగులో షాపు బోర్డు కూడా చదవలేడు, నిజమే. వాడికి మూడేళ్లున్నప్పుడు ఇంగ్లీషు మీడియం స్కూలు ఫారం తెచ్చిందీ, భాషల దగ్గర తెలుగు వదిలేసి మిగతావాటికి టిక్కు పెట్టిందీ మా చిన్నాన్నే.