సెలవుకొచ్చే మేనల్లుడికి: యూనిఫాం ఒంటిమీదా, పెట్టెలోనా?

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి పెద్ద మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పొడుగాటి మెసేజీ రెండుసార్లు చదివాను. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం గాలికి పోతుంది. అందుకని కాగితం మీదే రాస్తున్నాను. ప్రమాణం చేసే కసం పరేడ్ అయింది, అగ్నివీర్‌గా మొదటి సెలవుకు వస్తున్నావు, సంతోషం. అమ్మకేమో పలాసలో రైలు దిగేటప్పుడే నిన్ను యూనిఫాంలో చూడాలని ఉంది. బడి హెడ్మాస్టారు పంద్రాగస్టుకి యూనిఫాంలో రమ్మన్నారు. తమ్ముడికి నీ కంబాట్ చొక్కా, అదే మచ్చల చొక్కా, ఒకటి కావాలి. "వేసుకుంటే ఏటయిపోద్ది మావయ్యా?" అని అడిగావు. ఏమవుతుందో ఒక్కొక్కటీ చెబుతాను.

డ్యూటీలో ఉంటే తల నుంచి కాలిదాకా పూర్తిగా వేసుకో. సెలవులో ఉంటే మడతపెట్టి పెట్టెలో ఉంచు. సెలవులో వేసుకోవలసిన పని నిజంగానే పడితే, అనుమతి కాగితం మీద తెచ్చుకో. సగం యూనిఫాం మాత్రం ఎప్పుడూ వద్దు. కంబాట్ ప్యాంటు మీద టీషర్టు, కాళ్లకు హవాయి చెప్పులు, బస్సు కిటికీ పక్కన నెత్తిన బెరెట్ టోపీ... చూసినవాడికి అది సోకుగా కనిపిస్తుందేమో గానీ, తెలిసిన సుబేదారు ఎవరైనా ఎదురుపడితే నీ నంబరూ యూనిట్టూ అక్కడే రాసుకుంటాడు.

బయల్దేరే ముందు మీ సీహెచ్ఎం, అదే కంపెనీ హవల్దార్ మేజర్, దగ్గరికి వెళ్లి మూడు సంగతులు అడుగు. సెలవు ప్రయాణంలో ఏ డ్రెస్ అని స్టాండింగ్ ఆర్డర్‌లో ఉందో. ఇంటికి ఎన్ని జతలు తీసుకెళ్లనిస్తారో. ఊళ్లో జెండా పండగలాంటిదానికి వేసుకోవాలంటే ఎవరి సంతకం కావాలో. ఈ ఆర్డర్లు స్టేషన్‌ని బట్టి, అప్పటి పరిస్థితిని బట్టి మారుతూ ఉంటాయి. పక్క యూనిట్ కుర్రాడు వేసుకెళ్లాడన్నది నీకు జవాబుగా పనికిరాదు. నీది నాలుగేళ్ల ఉద్యోగం. చివర్లో రెగ్యులర్‌గా తీసుకునేది 25 శాతానికి మించదు. శిక్ష పడిందని రికార్డులో రెడ్ ఇంక్ ఎంట్రీ ఒక్కటి పడితే ఎంత బరువో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక రైలు. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కేటప్పుడు మఫ్టీలోనే ఎక్కు. కానీ మఫ్టీ అంటే చొక్కా మార్చడం ఒక్కటే అనుకునేవాళ్లే ఎక్కువ. పొట్టి క్రాఫు ఎలాగూ దాగదు, అది పోనీ. మిగతావన్నీ నీ చేతిలో ఉన్నవే. మిలట్రీ డీఎంఎస్ బూట్లకు బదులు మామూలు నల్ల బూట్లు వేసుకో. మచ్చల బట్ట రక్‌సాక్ వద్దు, బజారు బ్యాగు చాలు. అన్నిటికంటే పెద్ద చాటింపు నీ నల్ల ట్రంకు పెట్టె. దాని మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ అన్నీ రాసి ఉంటాయి. ఒంటిమీద సాదా చొక్కా వేసుకుని సీటు కింద ఆ పెట్టె పెట్టుకుంటే, బోగీలో చదువొచ్చినవాడికల్లా నీ చిరునామా తెలిసినట్టే. దానికి ముతక గుడ్డతో తొడుగు వెయ్యాలి. దాని సంగతి కింద రాశాను.

ఐడెంటిటీ కార్డు, లీవ్ సర్టిఫికెట్, రైలు ప్రయాణపు వారంటు, ఈ మూడూ యూనిఫాంతో ఒకే బ్యాగులో పెట్టకు. చొక్కా లోపలి జేబులో ప్లాస్టిక్ కవరులో ఉండాలి, పడుకున్నప్పుడు కూడా ఒంటిమీదే ఉండాలి. బ్యాగు పోతే వెంటనే 139కి ఫోన్ చెయ్యి. తర్వాతి పెద్ద స్టేషన్‌లో రైల్వే పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చి కాపీ తీసుకో. అదే రోజు యూనిట్‌కు కబురు చెయ్యి. ఫిర్యాదులో "బట్టల బ్యాగు" అని రాసి ఊరుకోకు. కంబాట్ ఎన్ని జతలు, బెరెట్ ఎన్ని, నేమ్ ప్లేట్ ఉందా లేదా, అన్నీ విడివిడిగా రాయించు. యూనిఫాం పోవడం అంటే బట్టలు పోవడం ఒక్కటే కాదు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద పడ్డవాళ్లు సైన్యం బట్టల్లోనే వచ్చారు. ఆ తర్వాతే మచ్చల బట్టలు అమ్మొద్దని దుకాణాలనూ, వేసుకోవద్దని జనాన్నీ ఆర్మీ కోరింది.

పలాసలో దిగి టెక్కలి, పాతపట్నం మీదుగా వస్తే పర్లాకిమిడి, అక్కడినుంచి కాశీనగర్. మైదానంలో ఈ దారంతా మామూలే. నువ్వు స్నేహితుడి పెళ్లికి బండి మీద ఆర్.ఉదయగిరి వెళతానన్నావు చూడు, అక్కడ నేను ఆగాను. మన గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి కొండదార్లలో ఆకుపచ్చ బట్టంటే సైన్యం ఒక్కటే గుర్తుకు రాదు. మావోయిస్టులూ అదే రంగు వేసుకు తిరిగారు, వాళ్ల కోసం కూంబింగ్ చేసిన బలగాలూ ఆ ఛాయే. 2006 మార్చిలో ఉదయగిరి మీద మావోయిస్టుల దాడి జరిగిందని ఆ ఊళ్లో పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. చీకట్లో మలుపు దగ్గర కంబాట్ వేసుకుని బండి మీద ఎదురైతే, నువ్వు ఎవరివో పోలీసుకూ తెలియదు, సవర పల్లెలో ముసలాయనకూ తెలియదు. ఒకడు తుపాకీ ఎత్తుతాడు, ఇంకొకడు తలుపేసుకుంటాడు. అలజడి తగ్గింది కదా అంటావు. తగ్గింది, నిజమే. కానీ భయం బట్టకంటే నెమ్మదిగా వెలుస్తుంది.

మఫ్టీ వేసుకుంటే ఇక గండమే లేదని కూడా అనుకోకు. 2018 జూన్‌లో రైఫిల్‌మన్ ఔరంగజేబు ఈద్ పండక్కి ఇంటికి వెళుతుండగా పుల్వామాలో ఎత్తుకెళ్లి చంపారు. అతను అప్పుడు డ్యూటీలో లేడు. అందుకని ఏ రోజు, ఏ బండి, ఏ దారి అన్నది ఇంట్లోవాళ్లకు తప్ప బయటివాళ్లకు చెప్పకు. వాట్సప్ స్టేటస్‌లో టికెట్టు ఫొటో పెట్టే అలవాటు ఉంటే ఇవాళే మానెయ్యి.

బండి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బెరెట్ హెల్మెట్టుకు బదులు కాదు. మోటారు వాహనాల చట్టం తలపాగా కట్టుకున్న సిక్కులకిచ్చిన మినహాయింపు నీ బెరెట్‌కు లేదు. టోలు గేటు దగ్గరా అంతే. 1901 నాటి టోలు చట్టం మిలట్రీవాడికిచ్చిన మినహాయింపు డ్యూటీ మీద వెళ్లేవాడికే. సెలవులో సొంత కారు ఎక్కి, యూనిఫాం చూపించి, ఇచ్ఛాపురం వైపు గేట్లో గొడవపడితే వీడియో తీసేవాడు వెనక కారులోనే ఉంటాడు.

ఫొటోల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ వయసువాళ్లకు దెబ్బ తగులుతున్నది ఇక్కడే. యూనిఫాంలో ఉన్న ఒక్క ఫొటోలో ఎన్ని ఉంటాయో లెక్కపెట్టు. కుడి జేబు మీద పేరు, భుజం మీద ఫార్మేషన్ గుర్తు, బెరెట్ మీద మీ రెజిమెంట్ బ్యాడ్జి, వెనక బ్యారక్ గోడ. ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీసిందో కూడా. సెకండ్‌హ్యాండ్ సామాన్లు అమ్మే సైట్లలో "నేను ఆర్మీ, బదిలీ అయింది, బండి చవగ్గా ఇచ్చేస్తాను" అంటూ డబ్బు గుంజే మోసగాళ్లు వాడేది ఇలాంటి జవాన్ల ఫొటోలే, కార్డుల ఫొటోలే. ఎక్కడో ఎవరో మోసపోతారు, పోలీసులు ఫొటో పట్టుకుని నీ దగ్గరికొస్తారు. నువ్వు కాదని తేలడానికి నెలలు పడుతుంది. అందుకని ఐడెంటిటీ కార్డు, క్యాంటీన్ కార్డు ఎవరు అడిగినా ఫొటో తీసి పంపకు. లాడ్జివాడు అడిగితే ఆధార్ ఇవ్వు. ఏ ఆప్‌లు వాడొచ్చో ఆర్మీయే చెబుతుంది. 2020లో 89 ఆప్‌లు ఫోన్లలోంచి తీసెయ్యమంది. ఆ జాబితా మారుతూ ఉంటుంది, ఇప్పుడేది నడుస్తోందో యూనిట్‌లోనే కనుక్కో.

ఫ్లెక్సీల సంగతి మీ అమ్మ నీకు చెప్పిందో లేదో. నువ్వొస్తున్నావని తెలిసి ఇక్కడొకాయన బస్టాండు దగ్గర నీ యూనిఫాం ఫొటో పక్కన తన ఫొటో, పార్టీ గుర్తు వేసి "వీర జవానుకు స్వాగతం" కట్టిస్తానంటున్నాడు. ఫొటో ఇవ్వొద్దని అక్కకు చెప్పాను. నువ్వూ చెప్పు. ఆర్మీ రూల్స్‌లో 20వ రూలు పార్టీ సభలకు వెళ్లడాన్నీ మాట్లాడటాన్నీ నిషేధిస్తుంది, 21వది అనుమతి లేకుండా పత్రికలకు చెప్పడాన్ని. సైనికుల ఫొటోలు ప్రచారానికి వాడొద్దని ఎన్నికల సంఘం 2013లో ఒకసారి, 2019లో ఇంకోసారి పార్టీలకు రాసింది. ఫ్లెక్సీ కట్టింది ఆయనే అయినా సంజాయిషీ రాసుకునేది నువ్వు. యూట్యూబ్ విలేకరి మైకు పెడితే నమస్కారం పెట్టి పక్కకు జరుగు.

పంద్రాగస్టు విషయానికొస్తే, హెడ్మాస్టారిని బడి లెటర్‌హెడ్ మీద తేదీ, సమయం, చోటు రాసి ఉత్తరం ఇమ్మను. దాన్ని నీ దరఖాస్తుకు జతచేసి సెలవు మొదలవడానికి ముందే పెట్టు. అనుమతి వస్తే ఏ డ్రెస్సో అందులోనే రాయించుకో. ఆ రోజు బండి మీద యూనిఫాంలో వెళ్లకు. వాన కాలం, పర్లాకిమిడి రోడ్డు బురద మడమదాకా వస్తుంది. హ్యాంగర్‌కు వేసి, ప్లాస్టిక్ కవరు తొడిగి తీసుకెళ్లి, ఆఫీసు గదిలో అరగంట ముందు మార్చుకో. బెరెట్ కుడివైపుకు లాగి, బ్యాడ్జి ఎడమ కంటి పైకి వచ్చిందో లేదో అద్దంలో చూసుకో. జెండా ఎగరేసినప్పుడు సెల్యూట్. కార్యక్రమం అవగానే అక్కడే మార్చేసుకుని, తర్వాత పకోడీ తిను. అనుమతి రాకపోతే తెల్ల చొక్కా, ముదురు ప్యాంటు, మెరిసే నల్ల బూట్లు వేసుకుని వెళ్లు. జెండా ముందు అటెన్షన్‌లో నిలబడు, సెల్యూట్ వద్దు. నిలబడే తీరులోనే పిల్లలకు తెలిసిపోతుంది నువ్వు ఎవరివో.

పెళ్లికి యూనిఫాం అసలొద్దు. అక్షింతల పసుపు కంబాట్ మీద పడితే ఇంట్లో ఆడవాళ్లు వెంటనే సబ్బు రుద్దుతారు. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడి బట్టలోకి దిగుతుంది. ముందు చన్నీళ్లతో జాడించి ఎండలో వెయ్యాలి, పసుపు ఎండకే పోతుంది. పెళ్లిలో మందు కూడా ఉంటుందని నాకు తెలుసు. ఆర్మీ చట్టం 48వ సెక్షన్‌కు తాగి తూలడం చాలు, డ్యూటీలో ఉన్నా లేకున్నా. ఆ వేళ ఒంటిమీద యూనిఫాం కూడా ఉంటే నీ తరఫున మాట్లాడేవాడు ఉండడు.

తమ్ముడికి చొక్కా ఇవ్వకు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. ప్రభుత్వం ఇచ్చిన బట్ట దారి మళ్లితే అదే ఆర్మీ చట్టం 54వ సెక్షన్ నీ మీద. అది వేసుకుని వాడు ఎక్కడైనా మిలట్రీవాడినని నమ్మించబోతే భారతీయ న్యాయ సంహిత 168 వాడి మీద, 3 నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. 2022లో వచ్చిన కొత్త డిజిటల్ మచ్చల డిజైన్ ఆర్మీ పేరున రిజిస్టరై ఉంది. ఇక్కడి టైలరు చేత అలాంటిదే కుట్టించే ఆలోచన కూడా మానుకొమ్మను. చిరిగిన పాత జతలు పొలానికనీ, దిష్టిబొమ్మకనీ ఇంటికి తేకు. యూనిట్‌లోనే అప్పజెప్పు. వాడికి క్యాంటీన్‌లో మంచి బూట్లు కొనుక్కురా, చొక్కా సంగతి మర్చిపోతాడు.

అమ్మ సరదా మాత్రం తీర్చు. సీహెచ్ఎం ఒక జత తెచ్చుకోనిస్తే ఇంటికొచ్చాక, స్నానం చేసి, నడవలో పూర్తి డ్రెస్‌లో ఆవిడ ముందు నిలబడు. సగం కాదు, బూట్లతో సహా. దణ్ణం పెట్టేటప్పుడు బెరెట్ తీసి పెట్టుకో. ఫొటో ఆవిడ కళ్లతోనే తీసుకుంటుంది. ఆ తర్వాత ఉతికే పని ఆవిడకు వదలకు, అది ముఖ్యం. ఆవిడ చొక్కా దొరికితే గంజి పెట్టి, నీలిమందు వేసి గాని వదలదు. ఓజీకి, అదే సాదా ఆకుపచ్చ యూనిఫాంకి, గంజి నప్పుతుందేమో గానీ కొత్త కంబాట్‌కు గంజి వద్దు, గాలి ఆడదు. నీలిమందూ, తెల్లబట్టల సర్ఫూ రంగును మారుస్తాయి. నేమ్ ప్లేట్, గుర్తులు తీసేసి, తిరగేసి చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేసుకో. ఇస్త్రీ కూడా తిరగేసే. ఇత్తడి బ్యాడ్జికి బ్రాసో పాలిష్ పెట్టేది చొక్కాకు తగిలించక ముందే. తగిలించాక పెడితే చుట్టూ తెల్ల మరక పడుతుంది.

ట్రంకు కొలతలు ఈ ఆదివారంలోగా పంపు. పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో రాయి, గొళ్లెం ఎటువైపు ఉందో కూడా. ఇక్కడ టైలరు నీలం క్యాన్వాసు తెచ్చి ఉంచాడు, రెండు రోజుల్లో కుట్టిస్తాడు. పార్శిల్ చేస్తాను. పిడులకు కన్నాలు వదలమని చెప్పాను. తాళం పైకి కనిపించేలా ఉండాలా, లోపలికా అన్నది నువ్వే చెప్పు.

ఆశీస్సులతో,
పెద్ద మావయ్య