ఏహెచ్36, డీహెచ్36 రెండూ 355 అయినా సర్వేయర్ ఎందుకు ఆపారు?

ఇవి ఓడలు కట్టే ఉక్కు ప్లేట్ల గ్రేడ్లు, తేడా అంతా చలిలో దెబ్బ తట్టుకోవడంలో ఉంది. డ్రాయింగ్‌లో డీహెచ్36 ఉంటే మీకు ఏహెచ్36 ప్లేట్లు వచ్చాయి. రెండింటి యీల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) 355 మెగాపాస్కల్సే, టెన్సైల్ (తెగేలోపు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి) 490–630 కూడా ఒకటే. అయినా సర్వేయర్, అంటే ఓడను తనిఖీ చేసే క్లాస్ సొసైటీ మనిషి, ఆపింది సరైన పనే.

36 బలాన్ని చెబుతుంది. మొదటి అక్షరం ఇంపాక్ట్ టెస్ట్ ఏ చలిలో చేశారో చెబుతుంది: ఏ అయితే 0 డిగ్రీలు, డీ మైనస్ 20, ఈ మైనస్ 40, ఎఫ్ మైనస్ 60.

1. మిల్ సర్టిఫికెట్‌లో (ఉక్కు ఫ్యాక్టరీ ఇచ్చే పరీక్షల పత్రం) చార్పీ, అంటే ఆ ఇంపాక్ట్ టెస్ట్, వరుస తీయండి. చాలామంది జౌల్స్ (దెబ్బకు ఉక్కు పీల్చుకున్న శక్తి) చూసి ఆగిపోతారు, పక్కనే ఉన్న టెంపరేచర్ చూడరు. 0 దగ్గర 120 జౌల్స్ వచ్చినా అది డీహెచ్ అయిపోదు.

2. 50 మి.మీ. లోపు మందానికి మైనస్ 20 దగ్గర నిలువు శాంపిల్‌కు (ప్లేట్ రోలింగ్ దిశలో తీసింది) సగటున 34 జౌల్స్ కావాలి, అడ్డం శాంపిల్‌కైతే 24. దిశ కూడా చూడండి.

3. డీహెచ్ బదులు ఈహెచ్36 వాడొచ్చు, క్లాస్ సొసైటీ అనుమతితో. కిందికి దిగకూడదు.

సర్వేయర్‌తో ఇది తేలేదాకా ఆ ప్లేట్లు కట్ చేయకండి, దయచేసి.