పూసల కుళ్ళాయి వద్దులే

కందుకూరు,
ఆదివారం

అమ్మాయీ,

నిన్న ఫోన్లో "బిడ్డకి నా చేత్తో ఒక్క గుడ్డముక్కన్నా కుట్టలేకపోయాను పెద్దమ్మా" అని గొంతు తగ్గించావు చూడు, రాత్రంతా అదే మనసులో మెదిలింది. పొద్దున్నే కావలిలో రైలెక్కి నెల్లూరులో ఉద్యోగం చేసి, ఏడింటికి ఇల్లు చేరేదానివి. నీకు తీరికెక్కడిది? నేనూ ఏళ్ళతరబడి ఆ దారిలో తిరిగినదాన్నే. సంచీలో గుడ్డా సూదీ పెట్టుకుని, బిట్రగుంటలో బండి ఆగినప్పుడల్లా నాలుగు కుట్లు వేసేదాన్ని. కదిలే బండిలో మాత్రం సూది తీయకు. నా బొటనవేలు ఎన్నిసార్లు చిల్లు పడిందో నాకే తెలుసు.

ముందు కుట్టకూడనివి చెప్తా. మా పెద్దాడి బారసాలకి ఎర్ర సాటిన్ కుళ్ళాయి కుట్టి, అంచుకి పన్నెండు ముత్యాల పూసలు పెట్టాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటే పొంగిపోయాను. అయిదో నెలలో ఓ సాయంత్రం వాడు దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. లాక్కుని లెక్కపెడితే పూసలు పదకొండే. ఇల్లంతా వెతికాం, మంచం కింద పాకాం. పన్నెండోది మర్నాడు వాడి పొత్తిగుడ్డలో దొరికింది. అది గొంతుకి అడ్డం పడకపోవడం నా అదృష్టం, నా తెలివేం కాదు. అందుకే పూసలు, మువ్వలు, చెమ్కీలు, గుండీలు ఏవీ వద్దు. అటకమీద పాత కెమెరా రీలు డబ్బా ఉంటే తీసి చూడు. దాని మూతి ఇంచుమించు అంగుళంపావు ఉంటుంది. బొమ్మల భద్రతకి వాడే కొలత గొట్టం వెడల్పూ దాదాపు అంతే. అందులో దూరేది ఏదైనా మూడేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు.

బిడ్డ తల గుండ్రంగా రావాలని మీ అత్తగారు ఆవాల దిండు అడుగుతున్నారన్నావు. నేనూ కుట్టినదాన్నే, కాదనను. కానీ ఏడాది లోపు బిడ్డ పడుకునేచోట దిండు, మెత్తటి బొమ్మ, వదులు దుప్పటి ఏవీ ఉండకూడదని, ముక్కుకి అడ్డం పడితే ఊపిరాడదని ఇప్పటి పిల్లల డాక్టర్లు చెప్తున్నారు. తల గుండ్రం సంగతి తర్వాత, ముందు ఊపిరి కదా. ఆ మాట పెద్దావిడతో నువ్వు అనొద్దు, డాక్టరు చేత చెప్పించు. చేతి తొడుగుల జోలికీ పోకు. లోపల తెగిన నూలుపోగు వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు, పసిది ఎందుకు ఏడుస్తోందో మనకి అంతుపట్టదు. గోళ్ళు కత్తిరిస్తే సరిపోయే పని అది.

ఇక కుట్టాల్సింది చొంగగుడ్డ. అయిదో నెల కదా, ఇప్పటికే జుబ్బా ముందంతా తడిసిపోతుంటుంది. మీ అమ్మ వెంకటగిరి నూలు చీర పాతది ఒకటి అడిగి తీసుకో. ఏళ్ళ తరబడి ఉతికిన నూలుకున్న మెత్తదనం కొత్త గుడ్డకి ఎక్కడ వస్తుంది? జరీ అంచు మాత్రం కోసి పక్కన పెట్టు, మెడ గీరుకుంటుంది. చీర ముక్కలు రెండు, మధ్యలో పాత టర్కీ టవలు ముక్క ఒకటి. మూడింటినీ కలిపి పరిచి, పైన తొమ్మిదంగుళాల స్టీలు పళ్ళెం బోర్లించి చుట్టూ పెన్సిలు గీత గియ్యి. పై అంచుకి అంగుళంన్నర కిందుగా, మూతి మూడున్నర అంగుళాలున్న గ్లాసు బోర్లించి ఇంకో సున్నా. అదే మెడ. అక్కణ్ణించి పై అంచు దాకా నిలువునా ఒక్క చీలిక. మూడు పొరలూ కదలకుండా కచ్చాకుట్టు వేసి, అంచుల చుట్టూ అంగుళంన్నర క్రాస్ పట్టీ మడిచి కుట్టు. పట్టీని ఏటవాలుగానే కత్తిరించాలి సుమా! నిలువు ముక్క గుండ్రం దగ్గర తిరగదు, ముడతలు పడి బిడ్డ గడ్డం కింద ఒరుసుకుంటుంది. నా మొదటి రెండూ అలాగే పాడయ్యాయి, వాటిని కిటికీలు తుడవడానికి వాడాను.

మెడ దగ్గర తాళ్ళు పెట్టకు. చీలికకి ఒకవైపు రెండంగుళాల నాలుక కుట్టి, దాని మీద అంగుళం వెల్క్రో వెయ్యి. ఎక్కడన్నా చిక్కుకుని లాగితే ఊడి వచ్చెయ్యాలి. వెల్క్రో మూలలు గుండ్రంగా కత్తిరించు, గరుకు వైపు మెడకి తగలకుండా బయటికి ఉంచు. ఉతికేటప్పుడు మూసి పెట్టకపోతే దారాలన్నీ దానికే అంటుకుంటాయి. రోజుకి పావుగంట కూర్చున్నా వారానికి ఒకటి అవుతుంది. ఆరో నెల నిండి అన్నప్రాశన అయ్యేసరికి నాలుగుంటే చాలు. నిద్రపుచ్చే ముందు మాత్రం తీసెయ్యడం మరవకు.

పొత్తిగుడ్డలకి కుట్టుపని కూడా అక్కర్లేదు, గజం గుడ్డ చదరంగా చింపి అంచు మడిస్తే సరి. కాకపోతే ఇంకో డజను ఎక్కువ చేసుకో. మన నెల్లూరు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే గదా. వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు దండెం మీద గుడ్డ ఆరదు. మా ఇంట్లో అప్పుడు పొత్తిగుడ్డలు పెనం మూత మీద ఆరబెట్టుకున్న రోజులున్నాయి, ఆ వాసన ఇప్పటికీ గుర్తే.

వచ్చే ఆదివారం బిడ్డనెత్తుకుని ఇటు రా. అన్నప్రాశనకని ఉదయగిరి చెక్క స్పూను తెప్పించి ఉంచాను. వచ్చేటప్పుడు మీ ఆయన పాత లుంగీ ఒకటి పట్టుకురా. మీ ఆయన్ని కూడా కూర్చోబెట్టి కచ్చాకుట్టు నేర్పిస్తా, గీతలు గియ్యడం, కత్తిరించడం అతనే చేస్తాడు. కత్తెర నా దగ్గర పదునుగానే ఉంది.

మీ పెద్దమ్మ