ఇంట్లో ప్రతి మనిషీ, ప్రతి పనీ తన చెప్పుచేతల్లోనే ఉండాలనుకునే వాళ్లతో ఎలా వేగాలి?

ఈ ప్రశ్న చూడగానే నాకు మా అక్క స్కూటీ గుర్తొచ్చింది.

అక్క బడికి బయల్దేరే ముందు మా బావగారు రోజూ ఆ స్కూటీ మీటర్ చూసి క్యాలెండర్ మీద రాసుకునేవారు. సాయంత్రం మళ్లీ చూసేవారు. బడికి పోనురాను పద్నాలుగు కిలోమీటర్లు. అంతకు మించితే లెక్క చెప్పాలి. ఒకసారి అట్లతద్దికి, వారం ముందే అడిగి ఒప్పించుకుని మా ఇంటికి వచ్చింది. దారిలో పైపుల కోసం రోడ్డు తవ్వేశారు, చుట్టు తిరిగి రావాల్సి వచ్చింది. గుమ్మం ఎక్కకుండానే, "ఒరేయ్, రెండు కిలోమీటర్లు ఎక్కువైందిరా, ఏం చెప్పను?" అంది. ముప్పై ఆరేళ్ల మనిషి, పిల్లలకు లెక్కలు చెప్పే టీచరు. చేతిలో వాయనం పళ్లెం వణుకుతోంది. నేనే బావగారికి ఫోన్ చేశాను. ఆయన అరవలేదు. "ఏ వీధిలో తవ్వారు?" అని అడిగి, మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ గొయ్యి చూసొచ్చారు.

సర్దుకుపోతే మారతారన్న మాట నమ్మకండి. అక్క పదకొండేళ్లు సర్దుకుపోయింది. మొదట ఏటీఎం కార్డు ఆయన జేబులోకి వెళ్లింది. తర్వాత ఫోన్ స్పీకర్‌లోనే మాట్లాడాలన్నారు. ఆ తర్వాత ఈ మీటర్. ఒకటి వదులుకుంటే ఇంకోటి అడుగుతారు. ఇలాంటివాళ్లు వాళ్లంతట వాళ్లు మారరు, రాసిస్తాను.

బావగారి మీద కంటే మా చుట్టాల మీదే నాకు ఎక్కువ కోపం. "తాగడు, కొట్టడు, పెళ్లామంటే ఎంత శ్రద్ధో" అని పదకొండేళ్లూ పొగిడారు. 2005 నాటి గృహహింస చట్టం మనసును హింసించడాన్నీ, డబ్బు చేతికి అందకుండా చేయడాన్నీ కూడా హింసగానే లెక్కేస్తుంది. ఒంటి మీద దెబ్బ కనపడాల్సిన పనిలేదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి సాయం అడగొచ్చు. ఇవి మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు కొత్తగా పెళ్లైనవాళ్లు ఒకరి ఫోన్ లొకేషన్ ఒకరు రోజంతా చూస్తూ అది ప్రేమంటున్నారు. మీటర్ చూడటానికీ దానికీ నాకు తేడా కనపడదు.

అక్క ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. మీ అక్కో చెల్లెలో అలాంటి ఇంట్లో ఉంటే, ఫోన్‌లో "బాగున్నావా" అని అడిగి ఊరుకోకండి. అటువైపు స్పీకర్ ఆన్‌లో ఉంటుంది. బస్సెక్కి వెళ్లి చూడండి.